రేకు ఎక్కడ వంగుతుందో లెక్కగట్టిన మాస్టారు

మన ఇళ్లలో స్టీలు అంటే స్టెయిన్‌లెస్ స్టీలే. గ్లాసు, కంచం, క్యారేజీ, బిందె అన్నీ అదే. ఇప్పుడు ఆ లోహం వంటింటి గడప దాటి చాలా దూరం వెళ్లింది. మెట్రో రైలు పెట్టెలు, కాలినడక వంతెనలు, సముద్రపు గాలి తగిలే భవనాల స్తంభాలు కూడా దానితో కడుతున్నారు. తుప్పు పట్టదు, రంగు వేయక్కర్లేదు. చిక్కల్లా ధర దగ్గరే. మామూలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి ఇంజినీర్లు రేకును వీలైనంత పల్చగా తీసుకుని, అంచులు మడిచి, గొట్టంలాగానో తొట్టిలాగానో చేసి వాడతారు. పల్చటి రేకును నొక్కితే విరగదు, ముందు వంగుతుంది. ఎంత బరువు దగ్గర వంగుతుందో ముందే చెప్పగలగాలి. చెప్పలేకపోతే వంతెన కింద మనుషులు ఉంటారు.

ఈ లెక్కను చక్కదిద్ది, పుస్తకంగా రాసి, మూడు దేశాల్లో పాఠంగా చెప్పిన మనిషి స్తెపాన్ టిమోషెంకో. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. మన కాలేజీల లైబ్రరీల్లో అట్టలు ఊడిన పాత పుస్తకాల వరుసలో ఆయనవి తప్పకుండా కనిపిస్తాయి. పేరు తెలిసినంతగా మనిషి తెలియడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, పరీక్షలో మూడోది అన్న బతుకు మన పిల్లలకు అలవాటే. టిమోషెంకో జీవితమంతా దాదాపు అలాగే గడిచింది. అందుకే ఈ పేజీలో ఆయన కథ చెప్పాలనిపించింది.

ఆయన 1878 డిసెంబరులో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ష్పొతోవ్కా అనే పల్లెలో పుట్టారు. అప్పుడు అది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి పుట్టింది జమీందారుకు కట్టుబడిన రైతు కుటుంబంలో. ఆ కట్టుబానిసత్వం 1861లో రద్దయింది. తండ్రి భూమి కొలిచే పని నేర్చుకుని, తర్వాత పొలాలు కౌలుకు తీసుకుని సేద్యం చేయించారు. ఊళ్లో రైతుల నోట వినిపించేది ఉక్రేనియన్, బడిలో చదువు రష్యన్‌లో. రోమ్నీ పట్టణంలో సైన్సు, లెక్కలు, డ్రాయింగ్ ఎక్కువగా నేర్పే బడిలో చేరారు. తర్వాతి కాలంలో భౌతిక శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఇయోఫే కూడా అదే బడి పిల్లవాడు. ఒక చిన్న పట్నంలోని బడి నుంచి అలాంటివాళ్లు ఇద్దరు వచ్చారంటే అక్కడి లెక్కల మాస్టార్లను తలుచుకోవాల్సిందే.

రైల్వే ఇంజినీరు కావాలన్నది ఆయన చిన్ననాటి కోరిక. 1896లో పీటర్స్‌బర్గ్‌లోని రవాణా ఇంజినీర్ల సంస్థలో చేరి 1901లో పట్టా పుచ్చుకున్నారు. వంతెన కట్టడానికి వెళ్లాల్సినవాడు పాఠం చెప్పడంలో చిక్కుకుపోయారు. కొత్తగా పెట్టిన పాలిటెక్నిక్‌లో కిర్పిచోవ్ అనే పెద్ద ఆచార్యుడి దగ్గర పనిచేస్తూ, సెలవుల్లో జర్మనీ వెళ్లి చదువుకునేవారు. గొట్టింగెన్‌లో ప్రాన్టల్ దగ్గర ఉన్నప్పుడు ఆయనకు జీవితాంతం వదలని ప్రశ్న దొరికింది. పల్చటి కమ్మీ, పల్చటి రేకు బరువు కింద ఎప్పుడు పక్కకు తప్పుకుంటాయి?

ఈ ప్రశ్న ఏమిటో పిల్లలకు ఒక్క నిమిషంలో చూపించవచ్చు. ప్లాస్టిక్ స్కేలును నిలబెట్టి పైనుంచి వేలితో మెల్లగా నొక్కండి. కొంతసేపు నిటారుగా ఉంటుంది, ఉన్నట్టుండి విల్లులా వంగుతుంది. వేలు తీస్తే మళ్లీ నిటారు. స్కేలు విరగలేదు, పగల్లేదు. పదార్థానికి ఏ లోపమూ రాలేదు. అయినా బరువు మోయడం మాత్రం మానేసింది. నిలువు కమ్మీకి ఈ లెక్కను ఆయిలర్ 1744లోనే కట్టాడు. అందులో ఒక వింత ఉంది. అంత సన్నటి కమ్మీ ఎంత బరువు దగ్గర వంగుతుందన్నది ఆ లోహం ఎంత గట్టిదో అన్నదాన్నిబట్టి కాదు. దాని బిగువును, అంటే మన ఇంటర్ భౌతిక శాస్త్రంలో చెప్పే యంగ్ గుణకాన్నీ, పొడవునూ, ఆకారాన్నీ, చివర్లను ఎలా పట్టి ఉంచారన్నదాన్నీ బట్టి ఉంటుంది. రెట్టింపు గట్టిదైన ఉక్కు తెచ్చినా సన్నటి కమ్మీ అదే బరువు దగ్గర వంగుతుంది. దీన్ని నమ్మడం పెద్దవాళ్లకే కష్టం.

టిమోషెంకో చేసింది దాని తర్వాతి మెట్టు. వంతెనలూ ఓడలూ ఇనుప రేకులతో కట్టడం మొదలయ్యాక కమ్మీ ఒక్కటే వంగడం లేదు. ఐ ఆకారపు దూలం పక్కకు మెలి తిరుగుతోంది, పెట్టె గోడ అలలు అలలుగా ఉబ్బుతోంది. వీటికి నేరుగా సమీకరణం విడదీయబోతే చాలా చోట్ల దారి మూసుకుపోతుంది. ఆయన ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ పుస్తకాల నుంచి ఒక ఉపాయం పట్టుకున్నారు. వంగినప్పుడు ఆకారం ఎలా ఉంటుందో ముందు తెలివిగా ఊహించాలి. అలా వంగడానికి లోపల ఎంత శక్తి కావాలో, బరువు కిందికి దిగడంవల్ల ఎంత శక్తి వస్తుందో చూడాలి. రెండూ సమానమైన చోటే ప్రమాదపు బరువు. ఊహ కాస్త అటూ ఇటూ అయినా జవాబు పెద్దగా తప్పదు. లెక్కల పండితులకు ఇది కొంచెం నాటుగా తోచవచ్చు, ఇంజినీరుకు మాత్రం చేతిలో పనిముట్టు దొరికినట్టే.

ఆ రోజుల్లోనే ఈ లెక్క విలువ లోకానికి తెలిసొచ్చింది. 1907 ఆగస్టు 29న కెనడాలో క్విబెక్ దగ్గర కడుతున్న పెద్ద వంతెన కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. బరువుకు నొక్కుకునే కింది కమ్మీలను రేకులు కలిపి, మధ్యలో జాలీ కట్టి చేశారు. ఆ జాలీ చాలలేదు, కమ్మీ వంగిపోయింది. ఉక్కు నాసిరకం కాబట్టి జరిగిన ప్రమాదం కాదది.

అప్పటికి టిమోషెంకో కీవ్ పాలిటెక్నిక్‌లో ఆచార్యులు. 1906లో, ఇంకా ముప్పై నిండకుండానే ఆ పదవి వచ్చింది. 1909లో ఒక విభాగానికి డీన్ అయ్యారు. పల్చటి పలకలు ఎప్పుడు ఉబ్బుతాయన్న లెక్కలన్నీ ఒకచోట చేర్చిన పెద్ద వ్యాసం అక్కడే రాశారు. దానిలోని విషయం ఒక ఉదాహరణతో చెబుతాం, ఎందుకంటే ఈ మనిషి పని అర్థం కావాలంటే ఇది తప్పదు.

100 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉన్న పొడవాటి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ తీసుకుందాం. దాన్ని నిలువుగా నొక్కుతున్నాం. పట్టీకి రెండు నిలువు అంచులూ పక్క రేకులకు అతుక్కుని ఉంటే, అంటే పెట్టె గోడలాంటిదైతే, సుమారు 7 క్వింటాళ్ల బరువు దగ్గర అది ఉబ్బడం మొదలవుతుంది. ఒక అంచు మాత్రమే పట్టుకుని రెండోది ఊరికే గాలిలో ఉంటే, అదే రేకు సుమారు 80 కిలోలకే తప్పుకుంటుంది. లోహం అదే, కొలత అదే. ఒక అంచుకు పట్టు ఉండటం, లేకపోవడం అన్న ఒక్క తేడాతో తొమ్మిది రెట్లకు పైగా వ్యత్యాసం. సూత్రంలో మొదటిదానికి 4 అనే అంకె వస్తుంది, రెండోదానికి సుమారు 0.43. మందం రెట్టింపు చేస్తే ఉబ్బేందుకు కావలసిన ప్రతిబలం నాలుగు రెట్లవుతుంది. కంచానికి అంచు ఎందుకు చుడతారో, తలుపు రేకును గాళ్లు గాళ్లుగా ఎందుకు వత్తుతారో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఒక కాగితాన్ని ముందు చదునుగా, తర్వాత తొట్టిలా మడిచి నిలబెట్టి చూపిస్తే ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇక 1911 సంగతి. ఆ కాలంలో రష్యా ప్రభుత్వం కాలేజీల్లో యూదు విద్యార్థులు ఇంతకు మించి ఉండకూడదని పరిమితి పెట్టింది. కీవ్ పాలిటెక్నిక్‌లో ఆ హద్దును కచ్చితంగా పాటించలేదు. విద్యామంత్రి కన్నెర్ర చేశాడు. అతని తీరుకు నిరసన తెలిపినవారిలో టిమోషెంకో ఉన్నారు. ఉద్యోగం పోయింది. డీన్ పదవి, జీతం ఒక్క దెబ్బతో పోయాయి. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. ఆయన యూదు కాదు. నోరు మెదపకుండా ఉంటే ఆయన కుర్చీకి వచ్చిన ముప్పేమీ లేదు. బడిలో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్న ప్రశ్న మన కుటుంబాలకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు కాబట్టి, ఆయన చేసిన లెక్కలన్నిటికంటే ఈ ఒక్క సంతకం దగ్గర మేం ఎక్కువసేపు ఆగాం.

విచిత్రంగా అదే ఏడు, పల్చటి నిర్మాణాల స్థిరత్వంపై రాసిన ఆ వ్యాసానికి జురావ్‌స్కీ బహుమతి వచ్చింది. బంగారు పతకంతోపాటు డబ్బు కూడా ఇచ్చారు. ఇల్లు ఆ డబ్బుతో కొంతకాలం గడిచింది. పీటర్స్‌బర్గ్ తిరిగివచ్చి గంటకింత చొప్పున పాఠాలు చెప్పుకున్నారు. ఓడల నిపుణుడు క్రిలోవ్ వంటివారి తోడుతో యుద్ధనౌకల రేకుల లెక్కలు చూశారు. 1913లో మళ్లీ ఆచార్య పదవి దక్కింది. సరిగ్గా అదే ఏడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బ్రేర్లీ క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కు పోత పోశాడు. జర్మనీలో క్రుప్ కంపెనీ అంతకు ముందు ఏడాదే అలాంటి ఉక్కుకు పేటెంట్లు వేసింది. ఈ రెండు దారులూ కలవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

విప్లవం వచ్చాక ఆయన కీవ్ చేరారు. 1918లో వెర్నాడ్‌స్కీ నాయకత్వంలో ఉక్రెయిన్ సైన్సు అకాడమీ పెట్టినప్పుడు మొదటి సభ్యుల్లో ఆయన ఒకరు. అక్కడ యంత్రశాస్త్ర సంస్థను నెలకొల్పారు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది. అకాడమీ పత్రాలు ఉక్రేనియన్‌లో అచ్చు కావాలన్న నియమం మాత్రం ఆయనకు నచ్చలేదు. ఆ భాషలో శాస్త్రమూ లేదు, పరిభాషా లేదు, ఎలా రాస్తారన్నది ఆయన అభ్యంతరం. పరిభాష తయారు చేయడానికి అకాడమీ ఒక సంఘాన్నే వేయాల్సి వచ్చింది.

ఇక్కడ మేం ఆయనతో ఏకీభవించలేం. పదాలు లేవు కాబట్టి రాయకూడదంటే, రాయనిదే పదాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ సంఘాలు 1920లలో నిఘంటువుల మీద నిఘంటువులు తెచ్చాయి. మనకు ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపకత అన్న మాటలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతున్నాయంటే, 1968లో పెట్టిన తెలుగు అకాడమీ, అంతకు ముందూ తర్వాతా ఎందరో మాస్టార్లు కూర్చుని వాటిని స్థిరపరచబట్టే. టిమోషెంకో గొప్పవాడే. ఈ విషయంలో మాత్రం ఆయన చూపు తాను చదివిన భాష దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు ఆయనకు జరిగింది చూస్తే ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది.

అంతర్యుద్ధంలో కీవ్ చేతులు మారుతూ ఉండగా ఆయన దక్షిణానికి వెళ్లి, క్రిమియా మీదుగా, కాన్‌స్టాంటినోపుల్ మీదుగా సెర్బులు, క్రొయేట్ల రాజ్యం చేరారు. కుటుంబం కీవ్‌లోనే చిక్కుకుంది. 1920లో పోలండు సైన్యం కొన్ని వారాలు కీవ్‌ను పట్టుకున్నప్పుడు ఆ సందులో వెళ్లి భార్యాబిడ్డలను వెంట తెచ్చుకున్నారు. జాగ్రెబ్ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడి భాష క్రొయేషియన్, ఆయనకు రాదు. రష్యన్‌లో పాఠం చెబుతూ, నేర్చుకున్న క్రొయేషియన్ మాటలు వీలైనన్ని మధ్యమధ్య కలిపేవారు. రెండూ అక్కచెల్లెళ్లలాంటి భాషలు కావడంతో పిల్లలకు బాగానే అర్థమయ్యేది. బోర్డు మీద బొమ్మా లెక్కా ఉన్నాయి కదా! కన్నడం మాట్లాడే పిల్లలకు తెలుగు మాస్టారు, తెలుగు పిల్లలకు తమిళ మాస్టారు లెక్కలు చెప్పే బడులు మనకు తెలుసు. అక్కడ ఏం జరుగుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

1922లో అమెరికా వెళ్లారు. వయసు నలభై మూడు. ఇంగ్లీషు పుస్తకాలు చదవడం వచ్చుగానీ మాట్లాడటం రాదు. పూర్వం తన దగ్గర చదివిన ఒక శిష్యుడి చిన్న కంపెనీలో మొదటి ఉద్యోగం. మరుసటి ఏడు వెస్టింగ్‌హౌస్‌లో చేరారు. అక్కడి కుర్ర ఇంజినీర్ల లెక్కల పునాది చూసి ఆశ్చర్యపోయారు. పెద్ద యంత్రాలు కడుతున్నారుగానీ, పుస్తకంలో లేని సమస్య ఎదురైతే చేతులు ఆడటం లేదు. పని వేళలు అయ్యాక వాళ్లను కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టారు. యాస గట్టిగానే ఉండేది, చివరిదాకా పోలేదు. అయినా ఆ గది నిండేది. ఆ పాఠాల నుంచే 1925లో ఇంగ్లీషులో మొదటి పుస్తకం వచ్చింది.

1927లో మిషిగన్ విశ్వవిద్యాలయం, 1936లో స్టాన్‌ఫర్డ్. ఈ మధ్యలో వరుసగా పుస్తకాలు. 1928లో కంపనాలపై, 1930లో పదార్థాల బలంపై, 1934లో స్థితిస్థాపకతపై, 1936లో మన కథకు అసలైన పుస్తకం, స్థితిస్థాపక స్థిరత్వ సిద్ధాంతంపై. కీవ్‌లో రాసి, ఉద్యోగం పోయాక బహుమతి తెచ్చిన ఆ పనే పెరిగి పెద్దదై ఇంగ్లీషులో ఈ పుస్తకమైంది. పుస్తకాల్లో గొప్పతనం ఏమిటంటే, పైకి గంభీరంగా కనిపించే విషయాన్ని సులువైన ఒక్క ఉదాహరణతో మొదలుపెడతారు. బొమ్మ తప్పకుండా ఉంటుంది. పాఠం చివర లెక్కలు, వాటికి జవాబులు. పరాయి భాషలో రాసినవాడి వాక్యం కాబట్టి చిన్నగా, మెలికలు లేకుండా ఉంటుంది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చి ఇంజినీరింగ్‌లో చేరిన మన పిల్లలు తరాలుగా ఆ పుస్తకాలను దాటగలగడానికి ఇదీ ఒక కారణమని మా నమ్మకం.

టిమోషెంకో స్టెయిన్‌లెస్ స్టీలు కోసం ప్రత్యేకంగా సూత్రాలు రాయలేదు. ఆయన లెక్క ఆ లోహానికి ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ చాలదు అన్నది తర్వాతివారి పని. మామూలు ఉక్కును లాగితే ప్రతిబలం, వికృతి ఒక హద్దు దాకా సరళరేఖలో పెరుగుతాయి, అక్కడ రేఖ ఠక్కున విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో అలా హద్దురాయి లేదు. రేఖ చాలా ముందే మెల్లగా వంగడం మొదలవుతుంది. అందుకని 0.2 శాతం శాశ్వత వికృతి మిగిలే చోటును దాని బలంగా లెక్కలోకి తీసుకుంటారు. మన గిన్నెల రకం స్టీలుకు అది చదరపు మిల్లీమీటరుకు 210 నుంచి 230 న్యూటన్ల దాకా ఉంటుంది.

పైన చెప్పిన పట్టీనే 2 మిల్లీమీటర్ల మందంతో, రెండు అంచులూ పట్టుకున్నట్టు తీసుకుంటే, టిమోషెంకో సూత్రం అది 289 న్యూటన్ల దగ్గర ఉబ్బుతుందంటుంది. అంతదాకా వెళ్లకముందే స్టీలు మెత్తబడిపోతుంది. అంటే మొదటి బిగువును పట్టుకుని లెక్క వేస్తే మోసపోతాం, ఆ క్షణానికి మిగిలిన బిగువును వాడాలి. ఈ మాట కమ్మీల విషయంలో జర్మనీకి చెందిన ఎంగెస్సర్ 1889లోనే చెప్పాడు. అమెరికాలో షాన్లీ 1940లలో దాన్ని నిలబెట్టాడు. మరో వైపు, బాగా పల్చటి రేకు ఉబ్బినా వెంటనే చేతులెత్తేయదు, మధ్య భాగం తప్పుకుంటే మూలల దగ్గరి పట్టీలు బరువు అందుకుంటాయి. ఆ మూలల వెడల్పునే లెక్కలోకి తీసుకునే పద్ధతిని ఫాన్ కార్మాన్ 1932లో చూపాడు. ఇవన్నీ కలిపి అమెరికాలో 1968లో పల్చటి స్టెయిన్‌లెస్ స్టీలు నిర్మాణాలకు తొలి నియమావళి వచ్చింది. అప్పటికి టిమోషెంకోకు తొంభై ఏళ్లు.

ఆయన అప్పుడు జర్మనీలో ఉన్నారు. అంతకు ముందే కూతురి దగ్గరికి వుప్పర్టాల్ వెళ్లిపోయారు. దానికి ముందు, 1958లో, నలభై ఏళ్ల తర్వాత పుట్టిన గడ్డను చూసివచ్చి, అక్కడి ఇంజినీరింగ్ చదువుపై ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాశారు. రష్యా బడుల్లో లెక్కలు గట్టిగా చెప్పే తీరు చెక్కుచెదరలేదని ఆయనకు సంతోషం. ఆత్మకథను మాత్రం రష్యన్‌లోనే రాసుకున్నారు. అది 1963లో పారిస్‌లో అచ్చయింది, ఐదేళ్లకు ఇంగ్లీషులోకి వచ్చింది. అంతమంది అమెరికన్లకు వాళ్ల భాషలో పాఠాలు చెప్పిన మనిషి, తన సంగతి చెప్పుకోవాల్సి వచ్చేసరికి మళ్లీ బడి భాష దగ్గరికే వెళ్లారు.

1972 మే 29న, తొంభై మూడేళ్ల వయసులో వుప్పర్టాల్‌లో కన్నుమూశారు. ఇప్పుడు రేకు కొలతలు ఇస్తే వంగే బరువును కంప్యూటరే చెబుతుంది. యూరప్ దేశాల ప్రమాణ పుస్తకంలో పల్చటి పలకల పట్టికలు తెరిస్తే, రెండు అంచులూ పట్టుకున్న పలకకు 4 అని, ఒక అంచు వదిలేసినదానికి 0.43 అని అవే అంకెలు కనిపిస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అక్కడే చూడమంటారు.